ధ్రువీకృత పిరికివాడు

తంగెళ్లపాడు ఫైరాఫీసులో పనిచేసే యలమంద పిరికివాడని ప్రభుత్వం వారు మార్చి నెల మూడో సోమవారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నిర్ణయించారు. అంతకుముందు ఇరవై రెండేళ్లపాటు అతను ఎలాంటివాడో ఎవరూ నిర్ణయించలేదు. గంట మోగితే బండెక్కేవాడు, మంట ఆరితే దిగేవాడు. ఫైరింజను వెనక ఎడమవైపు, నిచ్చెన పక్కన, కమ్మీ పట్టుకుని నిలబడే చోటు అతనిది. అతని చెయ్యి పడే చోట ఆ కమ్మీకి రంగు పోయి ఇనుము తేలింది. కొత్తవాడెవడైనా అక్కడ చెయ్యేస్తే యలమంద ఏమీ అనేవాడు కాదు గానీ, వేసినవాడికే ఎవరి పడక మీదో కూర్చున్నట్టు ఇబ్బందిగా ఉండి తీసేసేవాడు.

ఆ సోమవారం పొద్దున పైఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. స్టేషన్ ఆఫీసరు త్రివిక్రమరావుకి సర్క్యులర్ అంటే భక్తి. టోపీ పెట్టుకోకుండా ఏ సర్క్యులరూ చదివేవాడు కాదు. ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి, టోపీ సర్దుకుని అందుకున్నాడు.

"ఉద్యోగి తన గురించి తాను చెప్పుకొనునది గొప్ప. అతని గురించి పైఅధికారి చెప్పునది మొహమాటము లేక కక్ష. కావున సాటి ఉద్యోగుల నోట పడినదే సదరు ఉద్యోగి అసలు స్వభావమని నిపుణుల సంఘము నిర్ధారించినది. ప్రతి ఉద్యోగియు తోటివారిలో ఒక్కొక్కరిని గురించి ఒక్కొక్క మాట రాయవలెను. ఎక్కువమంది రాసిన మాట ధ్రువీకృత స్వభావముగా సర్వీసు పుస్తకములో ఎక్కును. ఇకపై డ్యూటీలు దానిని అనుసరించియే వేయబడును."

"ఒక్క మాటేంది సార్?" అన్నాడు సైదావలి. స్టేషన్లో అందరికంటే చిన్నవాడు, నోరాగదు. "మనిషన్నాక రెండు మాటలన్నా ఉండవా?"

"గళ్లు చిన్నవయ్యా. ఒక్క మాటే పడుద్ది."

"పోనీ రేపు రాసిస్తాం సార్. ఆలోచించుకోవాలిగా."

"బయట జీపు ఆగి ఉంది. పావుగంటలో కాగితాలు డివిజనుకి పోవాలి. స్వభావానికి ఆలోచనెందుకు?"

పావుగంటలో ఒక మనిషి గురించి మనిషికి ఏం గుర్తొస్తుంది? మొన్న జరిగింది గుర్తొస్తుంది.

మొన్న జరిగింది ఇదీ. పక్క ఊళ్లో పాడుబడిన బావిలో మేక పడిందని ఫోనొస్తే బండి వెళ్లింది. యలమంద నడుముకి తాడు కట్టుకుని, ముందుగా ఒక లాంతరు వెలిగించి లోపలికి దింపాడు. సగం దూరం పోయేసరికి దీపం ఆరిపోయింది. యలమంద తాడు విప్పేసి, "దిగను. ఎవర్నీ దిగనివ్వను. లోపల గాలి చెడింది" అన్నాడు. గట్టు మీద చేరిన జనం పడీ పడీ నవ్వారు. "దీపం ఆరితే భయపడే మొగోణ్ణి మంటలార్పేదానికి పెట్టారంట" అన్నదొక ముసలావిడ. అరగంట సేపు బావిలోకి నీళ్లు చిమ్మి, గాలి కదిలాక మళ్లీ లాంతరు దింపి, అది వెలుగుతూ ఉండటం చూసి యలమందే దిగాడు. మేకని భుజాన వేసుకుని పైకొచ్చాడు. అయితే నవ్వంతా మొదటి సగంలోనే ఉంది కాబట్టి రెండో సగం ఎవరికీ గుర్తులేదు. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు ప్రసంగి దారి పొడుగునా హారను కొడుతూ, "యలమందా, దీపం జాగర్తరోయ్!" అని అరుస్తూనే ఉన్నాడు.

అందుచేత తోటివాళ్లు యలమంద గడిలో ‘పిరికి’ అని రాశారు. నవ్వుకుంటూనే రాశారు. ప్రతివాడూ తానొక్కడే తమాషాకి రాస్తున్నాననీ, తక్కినవాళ్లు నిజం రాస్తారనీ అనుకున్నాడు.

యలమంద కూడా తక్కువ తినలేదు. సైదావలి రంజాన్ ఉపవాసంలో ఉండి ఒక మధ్యాహ్నం బల్ల మీద నోరు తెరుచుకుని కునుకు తీస్తే, ఎవరో ఫొటో తీసి స్టేషన్ గ్రూపులో పెట్టారు. తెల్లారకముందే లేచి ఇత్తడి నాజిళ్లన్నీ బంగారంలా తోమేది ఆ స్టేషన్లో సైదావలి ఒక్కడే. కానీ తోముతుండగా ఎవరూ ఫొటో తియ్యలేదు. ఆ నోరు తల్చుకుని యలమంద ముసిముసిగా నవ్వి, ‘సోమరి’ అని రాసి పడేశాడు. ప్రసంగి గడిలో ‘ధైర్యం’ అని రాశాడు. కిందటేడు గడ్డివాము మంటకి పోతూ ప్రసంగి బండిని తొంభై మీద ఊళ్లోంచి తోలి, ఒక ప్రహరీ గోడని చీల్చుకుని పోయి సరిగ్గా మంట ముందు ఆపాడు. ఆ దెబ్బతో మండలమంతా అతని పేరు మోగిపోయింది.

జీపు వెళ్లింది. నాలుగు రోజుల్లో ఫలితాలు గోడెక్కాయి.

"ఏందిరా ఇది?" అన్నాడు యలమంద గోడ ముందు నిలబడి.

"నేనొక్కణ్ణే రాశాననుకున్నాన్రా," అన్నాడు ప్రసంగి మొహం తిప్పుకుని.

"నేనూ అంతే అన్నా," అన్నాడు సైదావలి. "సరేగానీ, నన్ను సోమరన్నదెవరు?"

యలమంద గోడనే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి డ్యూటీలు స్వభావాన్ని బట్టి పడ్డాయి. పిరికివాణ్ణి మంటకి పంపితే ప్రభుత్వానికి నష్టం కాబట్టి యలమందకి ఫోను దగ్గర కుర్చీ వేశారు. బండి మీద అతని చోటు ఖాళీగా ఉంచారు. "అక్కడ చెయ్యి వెయ్యటం కూడా కుదరదయ్యా, ఆడిటుకి దొరుకుతాం" అన్నాడు త్రివిక్రమరావు. గంట మోగినప్పుడల్లా యలమంద కాళ్లు వాటంతటవే లేచేవి. అతను వాటిని కూర్చోబెట్టుకునేవాడు.

సైదావలి బాధ ఇంకో రకం. సోమరికి పని అప్పగించరాదని సర్క్యులర్లో అయిదో పేరా. అప్పగిస్తే అతను ఎలాగూ చెయ్యడు, చెయ్యనందుకు అప్పగించినవాడు బాధ్యుడు. అందుకని యూనిఫారం వేయించి, బూట్లు కట్టించి, నవారు మంచం మీద పడుకోబెట్టారు. మంటకి వెళ్లినా బండి దిగకుండా లోపలే కూర్చోవాలి. మూడో రోజున వాడు స్నానాలగదిలో తలుపేసుకుని దొంగతనంగా నాజిల్ తోముతూ పట్టుబడ్డాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు త్రివిక్రమరావు.

"చేతులు ఆగట్లేదు సార్."

"ఆపుకోవాలి! ఏడుగురు సాటి ఉద్యోగులు నిన్ను నమ్మి సోమరి అని రాశారు. వాళ్ల మాట నిలబెట్టాల్సిన బాధ్యత నీకు లేదా?"

‘ధ్రువీకృత స్వభావమునకు విరుద్ధముగా ప్రవర్తించినందులకు’ సంజాయిషీ అడుగుతూ సైదావలికి మెమో ఇచ్చారు.

అందరికంటే వెలిగిపోవలసినవాడు ప్రసంగి. వారం తిరక్కుండానే అతను ఎండిపోయాడు. ఒక మధ్యాహ్నం ఫోను గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏరా, ఏడో పేరా చదివావా? ధైర్యవంతుడుగా తేలినోడు అందరికన్నా ముందు మంటలోకి పోవాలంట."

"పో మరి. నీకేందిరా, గోడలు చీల్చుకుని పోయేవాడివి."

ప్రసంగి కుర్చీ అంచున కూర్చున్నాడు. "బ్రేకు పళ్లేదురా ఆ రోజు. కళ్లు మూసుకున్నా. తెరిచేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. కొడుతుంటే కాదని ఎట్టా అంటాం?"

యలమందకి నవ్వొచ్చింది, కోపమొచ్చింది. చివరికి రెండూ ఆగి జాలొచ్చింది. "నన్ను మళ్లీ బండెక్కించమని సార్‌కి చెప్పరా. నీ వెనక నేనుంటా" అన్నాడు.

"చెప్పా. పిరికోడు వెనకుంటే ధైర్యవంతుడి స్వభావం పాడైపోద్దంట."

ఏప్రిల్లో ఒకరోజు పన్నెండు గంటలప్పుడు ఊరవతల పత్తి మిల్లు అంటుకుంది. ఫోను ఎత్తింది యలమందే. చిరునామా రాసిచ్చాడు, గంట కొట్టాడు, బండి పోతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. పది నిమిషాలకి మళ్లీ ఫోను. మిల్లు వాచ్‌మన్ అరుస్తున్నాడు.

"బండొచ్చింది గానీ నీళ్లు రావట్లేదయ్యా! మీవోడు పైపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, కదలట్లా! లోపల దూది బేళ్లెనకమాల కూలి ఏసమ్మ ఉండిపోయింది!"

యలమందకి సంగతి అర్థమైపోయింది. ఫైరింజను మీద పంపు నడిపేది డ్రైవరే. ఆ డ్రైవరు ఏడో పేరా ప్రకారం పైపు పట్టుకుని ముందు నిలబడితే పంపు దగ్గర ఎవరూ ఉండరు. నీళ్లెక్కణ్ణించి వస్తాయి?

ఫోను పక్కన పెట్టి రోడ్డు మీదికి ఉరికాడు. ఆ వేళకి దొరికింది వంట గ్యాసు బండల ఆటో ఒక్కటే. "మంట దగ్గరికి నేను రాను బాబాయ్" అని మొత్తుకుంటూ ఆటోవాడు ఫర్లాంగు ఇవతలే దించేసి వెనక్కి తిప్పుకున్నాడు.

మిల్లు ముందు త్రివిక్రమరావు సర్క్యులర్ తెరిచి పట్టుకుని, "ప్రసంగీ! ముందుకి! పేరా ఏడు!" అని కేకలేస్తున్నాడు. ప్రసంగి చేతిలో పైపు చచ్చిన పాములా వేలాడుతోంది. సైదావలి బండిలో కూర్చుని కిటికీ కమ్మీలు పట్టుకుని ఏడుస్తున్నాడు. యలమంద నాజిల్ లాక్కున్నాడు.

"పోరా, పంపు దగ్గరికి పో! సైదా, దిగు! పైపు పట్టు!"

"యలమందా!" అన్నాడు త్రివిక్రమరావు. "నువ్వు పిరికివాడివి! నీకు లోపలికి ప్రవేశం లేదు!"

అప్పటికే యలమంద తడి గోనె తలకి చుట్టుకుని నడుం వంచి పొగలోకి దూరాడు. దూది మంట అన్ని మంటల్లా పైకి లేవదు, లోలోపల పాకుతుంది. బేళ్ల సందులో నేలబారున పోయి, పడి ఉన్న ఏసమ్మని భుజానికెత్తుకుని వచ్చేసరికి అతని కనుబొమలు కాలిపోయాయి. ఏసమ్మ దగ్గి, ఊపిరి పీల్చుకుని, ముందుగా అన్న మాట, "నా క్యారేజీ లోపలే ఉంది."

తోటివాళ్లందరూ కళ్లారా చూశారు. ఎవడూ హారను కొట్టలేదు. ఆ రోజు టీ తాగేటప్పుడు యలమంద గ్లాసు అతను అడక్కముందే నిండింది. స్టేషన్లో అంతకన్నా పెద్ద మర్యాద లేదు. అతని గురించి వాళ్ల మనసుల్లో ఉన్న మాట ఆ సాయంత్రమే మారిపోయింది. కాగితంలో ఉన్న మాట మాత్రం అలాగే ఉంది.

నివేదిక పంపేశాక త్రివిక్రమరావు యలమందని పిలిచి, టోపీ పెట్టుకున్నాడు.

"చూడు యలమందా. నువ్వు లోపలికెళ్లావు. నేను చూశాను, కాదనను. కానీ నేను చూసింది నా ఒక్కడి అభిప్రాయం. నువ్వు పిరికివాడివన్నది ఏడుగురి అభిప్రాయం. ఏడు పెద్దదా, ఒకటి పెద్దదా?"

"ఆ ఏడుగురు కూడా చూశారుగా సార్!"

"చూశారు. గడువు ముగిశాక చూశారు."

"మరి ఏసమ్మని బయటికి తెచ్చిందెవరు సార్?"

"పిరికివాడు తేలేడు. సోమరి పైపు పట్టలేడు. కాబట్టి ప్రసంగి తెచ్చాడు. నివేదిక అలాగే వెళ్లింది, ప్రశంసాపత్రం వస్తోంది. ఫోను వదిలిపెట్టి వెళ్లినందుకు నీకు మెమో. మొత్తమ్మీద అందరి స్వభావాలూ నిలబడ్డాయి. ప్రాణం కూడా నిలబడింది."

"నాకు పత్రమొద్దు సార్. బండెక్కనివ్వండి చాలు."

"దానికి దారుంది," అని త్రివిక్రమరావు ఒక ఫారం తీశాడు. స్వభావ సవరణ కోరువాడు, ‘నమ్మదగినవాడు’ అని ధ్రువీకరణ పొందిన ఒక ఉద్యోగి చేత సంతకం పెట్టించి తేవాలి. స్టేషన్ జాబితా అంతా వెతికారు. ఎనిమిది మందిలో పిరికి, సోమరి, తిండిపోతు, వాగుడుకాయ, పిసినారి ఉన్నారు. నమ్మదగినవాడు లేడు. నమ్మదగినతనంలో నవ్వొచ్చేదేమీ ఉండదు కాబట్టి అది ఎవరికీ తట్టలేదు. డివిజను మొత్తానికి ఒకే ఒక్కడు తేలాడు. చింతలగరువు ఫైరాఫీసులో లీడింగ్ ఫైర్‌మన్ పిచ్చయ్య.

యలమంద రెండు బస్సులు మారి చింతలగరువు వెళ్లాడు. గోడకి పిచ్చయ్య ఫొటో, ఫొటోకి దండ.

"మార్చి రెండో వారంలో పోయాడయ్యా," అన్నాడు అక్కడి ఫైర్‌మన్. "జాబితాలో పేరింకా తియ్యలా. రాసే రోజుకి పెద్దకర్మ గూడా కాలా. పోయినోడి గురించి ఏం రాస్తాం? అందరం నమ్మదగినోడనే రాశాం."

"ఉన్నప్పుడు ఎట్టాంటోడు?"

"ఉన్నప్పుడా? ఆయన గదిలో మేం చెప్పులు గూడా విడిచేవాళ్లం కాదు."

తిరిగొచ్చి ఈ సంగతి చెబితే త్రివిక్రమరావు చాలాసేపు ఫారం తిరగేశాడు. "సాక్షి బతికుండాలని ఎక్కడా లేదు. సంతకం మాత్రం తప్పనిసరి. అదొక్కటి సాధించుకురా," అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

యలమంద షెడ్డులోకి వెళ్లి, బండి వెనక్కి పోయి, తన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇనుము తేలిన చోట తుప్పు మొదలైంది. ప్రసంగి అక్కడే ఉన్నాడు. చేతిలో ప్రశంసాపత్రం, చట్రం కట్టించి ఉంది.

"ఇది ఇంటికి తీస్కపోలేక ఇక్కడే పెట్టుకున్నాన్రా," అన్నాడు. "నువ్వు లేకుండా ఇంకో మంటకెళ్తే నేను చస్తా. నా వెనక ఎవడో ఒకడు చస్తాడు." జేబులోంచి ఒక అట్టపుస్తకం తీశాడు. "బండి మీద ఏమేం ఉండాలో జాబితా రాసేది డ్రైవరే గదా. ఏం రాసినా సార్ సంతకం పెట్టాల్సిందే."

రాశాడు. నిచ్చెన ఒకటి. గొడ్డళ్లు రెండు. హోసు పైపులు పన్నెండు. అంకెలు వేసుకుంటూ పోయి, పద్నాలుగో వరసలో ఇలా రాశాడు: ‘మనిషి, పాతది, ఒకటి.’

"సిగ్గులేదంట్రా, నన్ను పైపుల్లో కలుపుతావా?" అన్నాడు యలమంద. అనేశాక ఆ మాట మీదే ఆలోచనలో పడ్డాడు. పైపు మంచిదా చెడ్డదా అని తక్కిన పైపుల్ని ఎవరూ అడగరు. వారానికోసారి నీళ్లు కొట్టి చూస్తారు. కారితే కారిందంటారు, ఆగితే ఆగిందంటారు.

"రాయి," అన్నాడు.

త్రివిక్రమరావు పద్నాలుగో వరస మూడుసార్లు చదివాడు. సర్క్యులర్ పక్కన పెట్టుకుని పేరాలన్నీ పోల్చాడు. చివరికి అతని మొహం విచ్చుకుంది.

"సర్క్యులర్ ఉద్యోగులకి వర్తిస్తుంది. సామానుకి స్వభావం ఉండాలని ఎక్కడా లేదు. అభ్యంతరం కనిపించట్లేదు," అని సంతకం పెట్టాడు.

అయితే సామాను అన్నాక సామాను పద్ధతులుంటాయి. యలమంద హెల్మెట్ మీద తెల్లరంగుతో పద్నాలుగు అంకె వేశారు. మంట ఆరాక గొడ్డళ్లతోపాటు అతన్నీ లెక్కపెట్టి ఎక్కించేవారు. డ్యూటీ దిగి ఇంటికి పోవాలంటే గేటు చీటీ కావాలి, ఇంటి దగ్గర ఎవరైనా ‘సామాను ముట్టినది, చెడిపోలేదు’ అని సంతకం పెట్టాలి.

"ఏందయ్యా ఇది, నువ్వేమన్నా పార్సిలా?" అన్నది అతని భార్య రత్తమ్మ మొదటిరోజు చీటీ చూసి. తర్వాత అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "చెడిపోలేదని నేనెట్టా రాసేది?" అంటూనే పెట్టింది సంతకం.

ఆ నెలలో నాలుగు మంటలు. ప్రసంగి పంపు దగ్గర నిలబడ్డాడు. ధైర్యవంతుడు మంటకి ముందుండాలన్నారు గానీ, ధైర్యవంతుడి చేతికింది సామాను అతనికన్నా ముందుండకూడదని అనలేదు కదా. సైదావలి సోమరిగానే ఉంటూ, ‘సామాను జారిపోకుండా కనిపెట్టుట’ పేరు మీద యలమంద వెనకాల పైపు పట్టుకునేవాడు.

జూన్లో డివిజనల్ ఆఫీసరు సామాను తనిఖీకి వచ్చాడు. ఒక్కొక్క వస్తువునీ తట్టి చూస్తూ పద్నాలుగో వరస దగ్గర ఆగాడు. ఎదురుగా యలమంద సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు.

"ఎన్నేళ్ల నాటిది?"

"ఇరవై రెండేళ్లది సార్," అన్నాడు త్రివిక్రమరావు.

"పదిహేనేళ్లు దాటితే పనికిరాదని రాసి తీసెయ్యాలి కదా. తెలియదా?"

సైదావలి ఆగలేకపోయాడు. "పరీక్షలో నిలబడితే ఉంచొచ్చని మీ కాయితంలోనే ఉంది సార్! ఒక్కసారి కొట్టి చూడండి సార్!"

"ఎవరితను?"

"సోమరి సార్."

"సోమరి నిబంధనలు చదివాడా?" అని డివిజనల్ ఆఫీసరు అనుమానంగా చూశాడు గానీ, నిబంధన నిబంధనే. గడియారం చేత్తో పట్టుకుని సైగ చేశాడు. యలమంద నిండు పైపు భుజాన వేసుకుని నిచ్చెన మీద మూడంతస్తులు ఎక్కి, ఎనభై కిలోల ఇసకబస్తా వీపున కట్టుకుని దిగి, మైదానం చుట్టూ పరిగెత్తి వచ్చి, మొదట నిలబడ్డ చోటే నిలబడ్డాడు. రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరిపడుతోంది. డివిజనల్ ఆఫీసరు దగ్గరికొచ్చి, హెల్మెట్ మీద వేలితో రెండుసార్లు తట్టి, శబ్దం విని, పుస్తకంలో ఏదో రాసి పక్క వరసకి పోయాడు.

యలమంద మెడ సాచి చూశాడు. పద్నాలుగో వరస ఎదుట ‘బాగున్నది. నమ్మి వాడుకొనవచ్చును’ అని ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆఫీసు అతని గురించి రాసిన మొదటి మంచి ముక్క అదే. ఇంకోసారి చదువుకుందామనుకుంటుండగా గంట మోగింది.

అందరికంటే ముందు సామాను బండెక్కింది.